ఎనభై నాలుగు మాత్రలు

ఆ వేసవిలో మా ఇంటికి రెండు రకాల మందులు వచ్చాయి. మొదటివి నావి, ఇరవై ఎనిమిది రోజులకు. రెండోవి మా మరిదివి, ఎనభై నాలుగు రోజులకు. అప్పటికి నాలుగేళ్లుగా మా ఇంట్లో వాడి ఊసెత్తినవాళ్లు లేరు.

నేను బస్‌స్టేషన్‌లో మరుగుదొడ్లు కడిగే పని చేస్తాను. ఈ మాట చెప్పగానే కొందరి మొహం ఎలా మారుతుందో తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మగవాళ్లవైపు ఎనిమిది గదులు, ఆడవాళ్లవైపు ఆరు. పొద్దున్నే మొదటి బస్సులు కదిలేలోపు ఒకసారి కడగాలి, ఆ తర్వాత గంటకోసారి తుడవాలి. పదకొండేళ్లుగా చేస్తున్నాను కాబట్టి ఏ తలుపు ఎంతసేపు మూసుంటే లోపల ఏం జరుగుతోందో బయటినుంచే చెప్పగలను. పది నిమిషాలు దాటితే కడుపు బాగాలేదు. ఇరవై దాటితే మత్తుసూది.

సూదివాళ్లకి ఏడో గది ఇష్టం. దాని గడియ గట్టిగా పడుతుంది, లోపల బల్బు బాగా వెలుగుతుంది, నరం కనపడుతుంది. ఓ పదిమంది వచ్చేవాళ్లు. కొందరు వాడిన సూదిని చెత్తబుట్టలో పడేసేవాళ్లు, కొందరు ఫ్లష్ తొట్టి వెనక దోపేవాళ్లు. ఒక్కడు మాత్రం సూదులన్నీ ఖాళీ నీళ్లసీసాలో వేసి, మూత బిగించి, నా బకెట్ పక్కన పెట్టి వెళ్లేవాడు. మండే ఎండల్లో కూడా మణికట్టుదాకా గుండీలు పెట్టుకుని తిరుగుతాడని స్టేషన్‌లో అందరూ వాణ్ని ‘ఫుల్‌హ్యాండ్స్’ అనేవాళ్లు. వాడే మా మరిది.

నాలుగేళ్ల కిందట, అప్పటికి ఆరేళ్లున్న మా పాప బాబాయి పరుపు కింద బొమ్మ కోసం వెతుకుతూ ఒక సూది పట్టుకుని వచ్చింది. మా ఆయన తమ్ముడి బట్టలు సంచిలో సర్ది, మూడంతస్తులు కిందికి మోసుకెళ్లి, వీధిలో గోడవారగా పెట్టి వచ్చారు. కోపంతో విసిరికొట్టినా బాగుండేది. అలా జాగ్రత్తగా పెట్టి రావడం చూశాక, ఇక ఆయన మనసు మారదని మా అందరికీ అర్థమైపోయింది. వాడు మా స్టేషన్ చుట్టుపక్కలే ఉంటున్నాడని రెండేళ్లుగా నాకు తెలుసు. ఇంట్లో చెప్పలేదు.

ఎండలు ముదురుతున్న ఒక సోమవారం, ఏడో గదిలో ఫ్లష్ తొట్టి వెనక గుడ్డ పెట్టి తుడుస్తుంటే నా కుడిచేతి మధ్యవేలిలో ఏదో దిగింది. చీమ కుట్టినంతే. చెయ్యి వెనక్కి లాగితే గ్లవ్‌కి సూది వేలాడుతూ వచ్చింది. ఆ గ్లవ్స్ గిన్నెలు తోముకునే రకం. వాటికి సూది ఒక లెక్కా?

సోమవారం, గురువారం మా స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు పక్కన ఆరోగ్యశాఖ వ్యాను నిలబడుతుంది. సూదివాళ్లకి కొత్త సూదులిస్తారు, పాతవి తీసుకుంటారు, రక్తపరీక్షలు చేస్తారు. అందులో ఒక నర్సు ఉంది. ఏ రోగం చెప్పినా ముందు “ఎన్ని గంటలకి?” అని అడుగుతుంది. నేను వేలు పట్టుకుని పరుగెత్తుకెళ్లేసరికి అదే అడిగింది.

“ఇప్పుడే సిస్టర్, ఐదు నిమిషాలైంది.”

“పిండకండి అక్కా. పిండితే ఏమీ రాదు. సబ్బు రాయండి, కుళాయి కింద పెట్టి నీళ్లు పోనివ్వండి.”

తన చేతి గడియారం చూస్తూ నా చెయ్యి కుళాయి కింద పట్టుకుంది. తర్వాత వ్యాను తలుపు మూసేసి నన్ను అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. రెండు గంటలు తిరక్కముందే మొదటి మాత్ర నా గొంతు దిగింది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదట, మూడు రోజులు దాటితే వేసినా దండగట. హెచ్‌ఐవీ రాకుండా ఈ మాత్రలు అడ్డుకుంటాయి, రోజూ అదే వేళకి ఇరవై ఎనిమిది రోజులు వేసుకోవాలన్నాడు డాక్టరు. కామెర్లకి భుజానికి ఒక టీకా వేశారు. లివర్‌ని తినేసే హెపటైటిస్ సి అని ఇంకోటి ఉందట, దానికి ముందుజాగ్రత్త మందు లేదు, రక్తం చూసుకుంటూ ఉండాల్సిందే.

“మరి అది వస్తే?”

“వస్తే నయం చేస్తాం,” అన్నాడాయన, పంక్చరు వేస్తాం అన్నంత తేలిగ్గా.

బయటికొచ్చాక నర్సు అడిగింది. “ఆ సూది ఎవరిదో మీకు తెలుసా? తెలిస్తే వాళ్ల రక్తం కూడా చూడొచ్చు. పోలీసుల కోసం కాదు అక్కా. మీ కోసం, వాళ్ల కోసం.”

“తెలియదు,” అన్నాను. అబద్ధం కాదు, తెలియదు. అయినా నా గొంతు నాకే దొంగగొంతులా వినపడింది.

ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన చాలాసేపు నా వేలివైపే చూశారు. ఆయన అద్దాలు కోసే పనిలో ఉన్నారు. కిటికీ అద్దాలు, అల్మారా అద్దాలు. ఏ రోజూ ఏదో ఒక వేలికి గుడ్డముక్క లేకుండా ఇంటికి రారు.

“నా చేతులు చూశావుగా,” అన్నారు చివరికి. “రోజూ తెగేవే.”

ఆ సాయంత్రమే ఆయన చాప ముందుగదిలోకి మారింది. మర్నాడు నా కంచం, నా గ్లాసు మిగతావాటినుంచి విడిపోయి గట్టు చివర కూర్చున్నాయి. పాప తువ్వాలు వేరే కొక్కేనికి ఎక్కింది. అవేవీ అవసరం లేదని, కలిసి తింటే ఏమీ కాదని డాక్టరు చెప్పిందంతా నేను వినిపించాను. ఆయన తలాడించారు, కంచం మాత్రం అక్కడే ఉంచారు. ఆయన చెడ్డమనిషి కాదు. భయపడ్డారు. భయపడ్డ మనిషికి ఏదో ఒకటి వేరు చేసి పెడితేగానీ ఊపిరాడదు.

రెండోరోజు మధ్యాహ్నం మా అత్తయ్య నా కంచంలో అన్నం పెట్టుకుని కూర్చుంది.

“అది నాది అత్తయ్యా.”

“తెలుసులే. దీని అంచు బాగుంది, చెయ్యి జారదు.” నాలుగు ముద్దలు తిన్నాక, తలెత్తకుండా అడిగింది. “వాడిదేనా ఆ సూది?”

“ఎవడిది?”

“నా దగ్గర నాటకాలాడకు. రెండేళ్లుగా రోజు విడిచి రోజు నీ టిఫిన్‌లో ఇద్దరి తిండి పట్టుకెళ్తున్నావు. నీకంత ఆకలే ఉంటే ఈ పాటికి తలుపులో పట్టేదానివి కాదు.” అని కంచం పక్కకి జరిపింది. “నువ్వు పెట్టినదానికంటే డబ్బా ఎప్పుడూ బరువుగా ఉంటుందని గమనించలేదా? పైన ఇంకో రెండు గరిటెలు పెడుతున్నది ఎవరనుకున్నావు?”

అప్పుడు గానీ నాకు తెలియలేదు. రెండేళ్లు మేమిద్దరం ఒకే డబ్బాలో, ఒకరికొకరం చెప్పుకోకుండా, వాడికి అన్నం పంపిస్తున్నాం.

నేను వేసుకునే మాత్రలు నన్ను పిప్పి చేశాయి. పొద్దున లేస్తే వాంతి, ఫినాయిల్ వాసన తగిలితే వాంతి, బస్సు పొగకి వాంతి. గురువారం పార్సిల్ షెడ్డు వెనక నీడలో మరిది కనిపించాడు. వాడికి అప్పుడు ముప్పైయేళ్లు, చూస్తే నలభై అనుకుంటారు.

“తిండి తెచ్చావా వదినా?”

“తెచ్చాను. ముందొక పనుంది.” వేలు చూపించి జరిగింది చెప్పాను.

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. “నాది కాదు. నేను సీసాలో వేస్తాను, నీకు తెలుసుగా. తొట్టి వెనక పెట్టే రకాన్ని కాదు. ఒట్టు వదినా.”

“నీదని నేనన్నానా? ఎవరిదో తెలియదు కాబట్టే అందర్నీ అడుగుతున్నాను. నర్సు దగ్గరికి వచ్చి ఒక్క చుక్క రక్తం ఇవ్వు.”

“అందర్నీ అడిగావా?”

“నిన్నే మొదట.”

వాడు కొత్త సూదులు తీసుకోవడానికి వారం వారం వ్యాను దగ్గరికి వెళ్తాడు, పరీక్ష అనగానే జారుకుంటాడు, నేను చూస్తూనే ఉన్నాను.

“ఉందని తెలిస్తే అప్పుడేం చేయాలి? ఇప్పుడు తెలియదు. తెలియకుండా బాగానే ఉంది.”

“బాగానే ఉందా?”

వాడికే నవ్వొచ్చింది. నాకూ వచ్చేదే గానీ అంతలో కడుపులోంచి తన్నుకొచ్చింది. కాలువ పక్కన కూలబడి కక్కుకున్నాను. కక్కడానికి కూడా ఏమీ మిగల్లేదు కడుపులో, అయినా ఆగలేదు. వాడు నీళ్లు తెచ్చి నా మొహం కడిగాడు. చిన్నప్పుడు, నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లో, వాడికి జ్వరమొస్తే నేను కడిగినట్టే.

“ఆ మాత్రల వల్లేనా?”

“ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి.”

వాడు తెరిచిన టిఫిన్ డబ్బా మళ్లీ మూసేశాడు. ఒక్క మెతుకు ముట్టుకోకుండా లేచి, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా గుండీ విప్పుకుంటూ వ్యానువైపు నడిచాడు.

ఫలితం నర్సు నాకు చెప్పలేదు. “అది ఆయన విషయం అక్కా, చెప్పాలనుకుంటే ఆయనే చెప్తాడు,” అంది. ఆసుపత్రినుంచి రెండో పరీక్ష ఫలితం కూడా వచ్చాక, పైవారం వాడే వచ్చి నా బకెట్ పక్కన నిలబడ్డాడు.

“హెచ్‌ఐవీ లేదు. లివర్‌ది ఉంది.” చుట్టూ చూసి, “వదినా, ఆ సూది నాదే. నాకు లేని జబ్బు నీకెలా వస్తుంది? ఆ మాత్రలు ఆపెయ్,” అన్నాడు.

“మొన్న ఒట్టేశావు.”

“మొన్న అబద్ధం చెప్పాను.”

“ఇవాళ?”

వాడు వెనక్కి తీస్తున్న బస్సుని చూస్తున్నట్టు నటించాడు. రెండింటిలో ఏది అబద్ధమో నాకు ఈనాటికీ తెలియదు. సూది వాడిదే అయితే ఆ లివర్ జబ్బు నాకు అంటి ఉండొచ్చు. పాపం, అంత దూరం ఆలోచించినట్టు లేదు. నా వాంతులు ఆపాలన్న ఒక్క ఆలోచనతో వచ్చాడు.

నర్సుకి చెబితే ఒక్క ముక్కలో తేల్చేసింది. “ఎవరి మాటమీదా మాత్ర ఆపొద్దు.” నేను ఇరవై ఎనిమిదీ మింగాను.

వాడి మందు సంగతి వేరే. రోజుకొకటి చొప్పున పన్నెండు వారాలు, ఒక్క రోజు తప్పకూడదు. వేసుకుంటే వైరస్ పోతుంది, ఇంకొకరికి అంటించే భయమూ పోతుంది. “ముందు ఆ సూదులు మానాలేమో కదా సిస్టర్?” అని నేనే అడిగాను.

“ముందు మానండి, తర్వాత మందిస్తాం అని కూర్చుంటే ఎవరికీ మందు అందదు అక్కా. మానడానికి వేరే మందుంది. ఆయన అడిగిన రోజు అదీ ఇస్తాం.” వాడివైపు తిరిగింది. “మాత్రలు ఎక్కడ పెట్టుకుంటారు?”

వాడు జేబు తట్టాడు. పార్సిల్ షెడ్డులో పడుకుంటే తెల్లారేసరికి చెప్పులే మాయమవుతాయి, ఇంక మాత్రలేం ఉంటాయి? వ్యాను వచ్చేది వారానికి రెండు రోజులే. నర్సు పెన్ను పట్టుకుని ఆగింది. “రోజూ మీకు మాత్ర చేతికిచ్చేవాళ్లు, ఇంట్లోవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“లేరు,” అన్నాడు వాడు, నేను పక్కన నిలబడి ఉండగానే.

“ఉన్నారు,” అన్నాను నేను. “రాసుకోండి సిస్టర్.”

రాయించానే గానీ ఇంటికెళ్లే దారంతా ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను. మా ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగి, రెండేళ్ల సంగతీ ఒక్కసారే చెప్పేశాను. ఆయన తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే చేతిలో ఉండిపోయింది.

“రెండేళ్లు! రోజూ నా పక్కన కూర్చుని తింటూ, నాకు చెప్పలేదు.”

“మీరు అడగలేదు.”

“ఏమని అడగాలి? బతికున్నాడా అనా?” గొంతు కాస్త లేచింది, పాప పడుకుందని మళ్లీ తగ్గించారు. “వాడు ఈ గడప లోపల అడుగుపెట్టడానికి వీల్లేదు. ఆడపిల్ల తిరిగే ఇల్లు.”

“పెట్టడు. బయట నిలబడి మాత్ర మింగి పోతాడు.”

“ఎవరిస్తారు? నువ్వు ఐదింటికే పనికి పోతావు.”

“నేనిస్తాను,” అంది అత్తయ్య గోడవైపు తిరిగి పడుకునే. “నాకు పొద్దున్నే కలెక్టరుగారి మీటింగులేం లేవు.”

ఆయన తువ్వాలు కొక్కేనికి తగిలించి వెళ్లి పడుకున్నారు. మర్నాడు మరిది నన్ను అడిగాడు, “అన్నయ్య ఒప్పుకున్నాడా?” అని. “ఒప్పుకోలేదు. వద్దనీ అనలేదు,” అన్నాను. మా ఇంట్లో అది చాలా పెద్ద మాట.

మొదటిరోజు చూడాలని నేను డ్యూటీ మార్చుకున్నాను. సరిగ్గా ఏడింటికి వచ్చాడు. స్టేషన్ కుళాయి దగ్గర స్నానం చేసి, జుట్టు తడిపి దువ్వుకుని, చంకలో సొంత నీళ్లసీసా పెట్టుకుని. మా గ్లాసు ముట్టుకోవాల్సిన పని పడకూడదని తెచ్చుకున్నాడు. అత్తయ్య గుమ్మానికి ఇవతల కుర్చీ వేసుకుని అప్పటికి అరగంటగా కూర్చుని ఉంది. నాలుగేళ్ల తర్వాత తల్లీకొడుకులు ఏం మాట్లాడుకుంటారా అని నేను తలుపు పక్కనే నిలబడ్డాను.

“చిక్కిపోయావు,” అంది అత్తయ్య.

“నువ్వు లావయ్యావు,” అన్నాడు వాడు.

“నోరు తెరు.” మాత్ర నాలుకమీద పెట్టింది. వాడు నీళ్లు తాగాడు. “మళ్లీ తెరు. నాలుక ఎత్తు. ఊఁ, పో.”

అంతే. రోజూ అంతే. మా ఆయన మాత్రం ఏడుకి ఐదు నిమిషాల ముందు స్నానాలగదిలో దూరి, వాడి అడుగుల చప్పుడు మెట్లమీద తగ్గిపోయాకే బయటికి వచ్చేవారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంత శుభ్రంగా స్నానం చెయ్యడం నేను చూడలేదు. పక్కింటావిడ రెండు రోజులు తలుపుసందులోంచి చూసి, మూడోరోజు అడిగేసింది. “ఎవరండీ పొద్దున్నే?” అత్తయ్య కుర్చీలోంచి కదలకుండా, “మా చిన్నవాడు. లివర్ బాగాలేదు,” అంది. చిన్నవాడు అన్న మాట ఆ వరండాలో వినపడి ఎన్నాళ్లయిందో.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. నాలుగోవారంలో ఒకరోజు తూలుతూ వచ్చాడట. మాత్ర మింగి, మెట్లమీద కూర్చుని, గోడకి తల ఆనించి అక్కడే జోగాడు. పాప బడికి బయల్దేరి వాడి ముందు ఆగిపోయింది. నాలుగేళ్లుగా పిలవని పిలుపు నోటికి ఎలా వచ్చిందోగానీ, “బాబాయ్, దారి,” అంది. వాడు ఉలిక్కిపడి మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. అదంతా స్నానాలగది తలుపు దగ్గర నిలబడి మా ఆయన చూశారు.

“ఇలా అయితే రావద్దని చెప్పమ్మా వాడికి,” అన్నారు, వాడికి వినపడేలా తల్లితో.

మర్నాడు వాడు రాలేదు. అత్తయ్య పదిదాకా చూసి పక్కింటావిడ ఫోనునుంచి నాకు ఫోను చేసింది. మధ్యాహ్నం తిండివేళ ఇంటికి పరుగెత్తి, ఒక మాత్ర కాగితంలో చుట్టి తెచ్చి, స్టేషనంతా గాలించాను. పార్సిల్ షెడ్డు వెనక మోకాళ్లమీద తల పెట్టుకుని ఉన్నాడు.

“రావద్దన్నాడుగా అన్నయ్య.”

“అలా అయితే రావద్దన్నారు. ఇలా అయితే రావచ్చు,” అన్నాను. “నోరు తెరు.”

మింగాడు. రెండు రోజులకి వ్యాను వచ్చినప్పుడు వాడే నర్సు దగ్గరికెళ్లి ఆ రెండో మందు, మానడానికిచ్చే మందు గురించి అడిగాడు. నేను పంపలేదు. ఆ తర్వాతినుంచి పావు తక్కువ ఏడుకే, పాప లేవకముందే వచ్చేవాడు.

ఈ కథ ఎవరికి చెప్పినా అడిగేది ఒకటే, వాడు పూర్తిగా మానేశాడా అని. మానాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ మానాడు. ఒక వేసవిలో తేలే లెక్క కాదది. ఆ వేసవిలో తేలాల్సింది వేరే.

ఆరువారాల పరీక్షలో నాకు ఏమీ లేదని వచ్చింది. ఆ రాత్రి పడుకోబోతే మా ఆయన చాప నా మంచం పక్కన పరిచి ఉంది. నా కంచం మిగతావాటితో కలిసింది. దాని అంచు బాగుందని అలవాటుపడ్డ అత్తయ్య మాత్రం దాన్ని నాకు తిరిగివ్వలేదు.

స్టేషన్‌లో సూదుల డబ్బా కోసం నేను పోట్లాడింది కూడా ఆ రోజుల్లోనే. ఏడో గదిలో గోడకి ఒక గట్టి డబ్బా బిగించండి, వేసినవాడు మళ్లీ తీయలేనిది, అని సూపర్‌వైజర్‌ని అడిగాను.

“డబ్బా పెడితే రండి రండి అని పిలిచినట్టు ఉంటుందమ్మా,” అన్నాడు.

“ఇప్పుడు పిలవకుండానే వస్తున్నారుగా సార్. చెత్తబుట్ట పెట్టామని జనం చెత్త కొని తెచ్చి వేస్తున్నారా?”

అప్పటికి నవ్వి ఊరుకున్నాడు. నర్సు ఆసుపత్రినుంచి నా వేలి సంగతంతా కాగితంమీద పెట్టించి, ఇంకెవరికైనా గుచ్చుకుంటే ఎవరు జవాబు చెబుతారని రాయించింది. మూడువారాలకి పసుపురంగు డబ్బాలు రెండొచ్చాయి. మాకు మందపాటి గ్లవ్స్ కూడా వచ్చాయి. మొదటివారం డబ్బా సగం నిండింది. ఆ సగం సూదులు అంతకుముందు ఎక్కడెక్కడ ఉండేవో!

వానలు మొదలైన వారం అత్తయ్య మోకాళ్లు వాచి మంచం దిగలేకపోయింది. నేను తెల్లారకముందే పనికి వెళ్లిపోయాను. ఆ రోజు జరిగింది సాయంత్రం అత్తయ్య చెబితే విన్నదే.

తలుపు చప్పుడైందట. స్నానాలగదిలో నీళ్లు ఆగాయట. మళ్లీ చప్పుడైంది. మా ఆయన తడి తలతో వచ్చి, మందు సీసా తీసి, తలుపు తెరిచి, మాత్రని గుమ్మంలో పీటమీద పెట్టి వెనక్కి జరిగారు. వాడు వంగి తీసుకున్నాడు.

“నీళ్లు?”

“తెచ్చుకున్నా అన్నయ్యా.” సీసా పైకెత్తి చూపించాడు.

మా ఆయన ఆ సీసావంక చూస్తూ నిలబడ్డారట. “మా ఇంట్లో గ్లాసులు లేవనుకున్నావా?” అని, లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చారు. ఆయన వేళ్లకి రెండుచోట్ల గుడ్డలున్నాయి. గ్లాసు అందుకుంటూ వాడు, “కుట్లు వేయించావా?” అని అడిగాడు. “చిన్న గాయాలే,” అన్నారాయన. వాడు తాగి గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడితే, ఆయనే చెయ్యి చాచి తీసుకున్నారు.

“ఇంకేమన్నారు?” అని అడిగాను.

“ఇంకేమంటారు? మగవాళ్లు,” అంది అత్తయ్య. “నోరు తెరవమని అడగడం మర్చిపోయాడు నీ మొగుడు. మింగాడో లేదో.”

నేను వెళ్లి చూశాను. కడిగి బోర్లించిన గ్లాసుల్లో అది ఏదో నాకు తెలియలేదు. అన్నీ ఒకచోటే ఉన్నాయి.

ఎనభై నాలుగో మాత్ర ఒక బుధవారం అయిపోయింది. అత్తయ్య ఖాళీ సీసా ఊపి చూసింది. గురువారం వ్యాను దగ్గర వాడి రక్తం తీశారు. అదే రోజు నా మూడునెలల ఫలితం కూడా నర్సు చేతికిచ్చింది, ఏమీ లేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని ఆ రోజంతా నేల కాస్త ఎక్కువ గట్టిగానే రుద్దాను.

శుక్రవారం ఏడైనా ఎవరూ రాలేదు. ఆ రోజు నాకు సెలవు. మోకాళ్లు కాస్త నెమ్మదించిన అత్తయ్య అలవాటు ప్రకారం కుర్చీ వేసుకుని కూర్చుంది. మా ఆయన ఏడుంబావుకి బయటికొచ్చి తలుపువైపు చూశారు.

“రాలేదా?”

“మాత్రలైపోయాయిగా,” అంది అత్తయ్య. “ఇంకేమని వస్తాడు?”

ఆయన టిఫిన్ డబ్బా మర్చిపోయి వెళ్లిపోయారు. శనివారమూ రాలేదు. స్టేషన్‌లో వెతికి రెండు మాటలు చెబుదామనుకున్నాను గానీ, ఏమని రమ్మనాలో నాకూ తోచలేదు. ఇన్నాళ్లూ మందు రప్పించింది. మందు లేకుండా రమ్మనాల్సింది నేను కాదు.

ఆదివారం వాన. ఇంట్లో అందరం ఉన్నాం. ఏడు దాటాక తలుపు చప్పుడైంది. పాప తీసింది. వాడు నిలువునా తడిసి ఉన్నాడు. నీళ్లు కారుతున్న చొక్కా గుండీలు మణికట్టుదాకా పెట్టుకునే ఉన్నాడు.

“ఏం లేదు,” అన్నాడు, ఎవరూ అడగకముందే. “నర్సు చెప్పింది. పోయిందో లేదో ఇప్పుడే తెలియదట. ఇంకో పరీక్ష చేస్తేగానీ ఖాయం కాదట. మూడు నెలల తర్వాత. అది చెబుదామని వచ్చా.”

ఆ మాట చెప్పడానికి జోరువానలో మూడంతస్తులు ఎక్కి రావడమెందుకని ఎవరూ అడగలేదు. అత్తయ్య చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ నావైపు చూసింది. నేను మా ఆయనవైపు చూశాను. ఆయన ఏదో అద్దం కొలతలు రాసుకుంటున్నారు. తలెత్తలేదు.

“మూడు నెలలూ అక్కడే నిలబడి ఉంటావా?” అన్నారు.

వాడికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. తడికి ముడులు బిగుసుకుపోయాయి. చాలాసేపు పట్టింది. మేమెవరం తొందరపెట్టలేదు.